పాత బొలెరో కింద ‘టంగ్’ మంటే హౌసింగ్ విప్పే ముందు చూసుకోవాల్సినవి

క్లచ్ వదలగానే కింద ఎక్కడో ‘టంగ్’ మంటుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇంకోసారి. రివర్స్ వేస్తే మరీ గట్టిగా. మాది 2006 మోడల్ బొలెరో, నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కి చింతపల్లి వైపు తిరిగే బండి. ఈ మోత మొదలైనప్పుడు ఒక షాపులో బండి కింద తల కూడా పెట్టకుండానే “హౌసింగ్ విప్పాలన్నా, క్రౌన్ పినియన్ పోయింది” అనేశారు. హౌసింగ్ అంటే వెనక చక్రాల మధ్య గేర్లు ఉండే ఇనప డబ్బా, క్రౌన్ పినియన్ అంటే దాని లోపల ఒక పెద్ద గేరు, దాన్ని తిప్పే చిన్న గేరు (పినియన్) కలిసిన జత. తీరా చూస్తే పోయింది ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్ బాక్స్ నుంచి హౌసింగ్ దాకా ఉండే, తిరిగే పొడుగాటి గొట్టం) వెనక చివర క్రాస్ (షాఫ్ట్ వంపులో కూడా తిరిగేలా చేసే ప్లస్ గుర్తు ఆకారపు జాయింట్) ఒక్కటే. క్రౌన్ పినియన్ సెట్ ధర ఎక్కడ, క్రాస్ ధర ఎక్కడ! పాత బండి ఉన్నవాళ్లు ఈ మాట విని డబ్బు పోగొట్టుకోకూడదనే ఇది రాస్తున్నాను. సుమో అయినా, కమాండర్ అయినా, వెనక చక్రాలు లాగే బండి ఏదైనా పద్ధతి ఇదే.

ముందు కిందికి దూరకండి, శబ్దం ఎప్పుడు వస్తోందో పట్టుకోండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడూ వదిలినప్పుడూ వస్తే, ఇంజిన్ నుంచి చక్రం దాకా ఉన్న దారిలో ఎక్కడో లూజు ఉన్నట్టు. చదును రోడ్డు మీద క్లచ్ తొక్కి పట్టుకుని స్పీడ్ బ్రేకర్ మెల్లగా దాటించినా వస్తోందంటే అది కమాన్ కట్టల (బండి బరువు మోసే పట్టీల స్ప్రింగుల) బుష్‌లదో, షాకబ్జర్లదో. ఈ పరీక్ష ఘాట్‌లో మాత్రం చెయ్యకండి. పూర్తిగా ఆగి మళ్లీ కదిలించిన క్షణంలో ఒక్కటే దెబ్బ వినిపిస్తే, షాఫ్ట్ ముందుకూ వెనక్కూ జరిగే పళ్ల జాయింట్‌లో గ్రీజు ఎండిపోయి ఉండవచ్చు. దానికి గ్రీజు పెట్టి నాలుగు రోజులు చూడండి, పళ్లు అరిగిపోకపోతే మోత అక్కడితో తగ్గుతుంది. మారుతి 800 లాంటి ముందు చక్రాలు లాగే బండి స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలించినప్పుడు టకటకమంటే అది ముందు చక్రాలను తిప్పే సీవీ జాయింట్, దాని కథ వేరు.

ఇక కిందికి దూరడం. ఇలాంటి బండ్లకు జాకీ అక్కర్లేదు, ఎత్తు సరిపోతుంది. జాకీ ఒక్కదాని మీదే నిలబెట్టిన బండి కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లకండి. చదును నేల మీద ఆపి, నాలుగు చక్రాలకూ ముందూ వెనకా రాళ్లు పెట్టి, ఇంజిన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, అప్పుడు న్యూట్రల్ చేసి హ్యాండ్ బ్రేక్ వదలండి. సైలెన్సర్ చల్లారేదాకా ఆగండి.

షాఫ్ట్ వెనక చివర హౌసింగ్‌కి కలిసే చోట క్రాస్ ఉంటుంది. ఒక చేత్తో హౌసింగ్ వైపు ఫ్లాంజ్‌ని (షాఫ్ట్‌ని బోల్టులతో బిగించే ముక్కని), రెండో చేత్తో షాఫ్ట్‌ని గట్టిగా పట్టుకుని ఎదురెదురుగా మెలిపెట్టండి. క్రాస్ నాలుగు కొనలకూ మూతల్లా ఉండేవి కప్పులు, అవి కూర్చునే చోటు చెవి. బొటనవేలు క్రాస్ మీద, కప్పుకీ చెవికీ మధ్య ఆనించి ఉంచండి. కంటికి కనపడని కదలిక కూడా వేలికి తెలుస్తుంది. క్రాస్‌లో వెంట్రుకవాసి ప్లే (లూజు) ఉన్నా అది మార్చాల్సిందే, ‘కొంచెం ఉన్నా పర్లేదు’ అన్న మాట దీనికి వర్తించదు. తర్వాత టార్చి వేసి కప్పుల అంచులు చూడండి. కప్పు చుట్టూ ఇటుక పొడిలా ఎర్రటి తుప్పు కనిపిస్తే లోపల సూది బేరింగులు గ్రీజు లేకుండా తిరిగి అరుగుతున్నాయని అర్థం. మా బండికి దొరికిన సాక్ష్యం అదే. ఏజెన్సీలో వాగులు దాటే బండ్లకు ఇది తొందరగా వస్తుంది. ముందు చివర క్రాస్‌ని కూడా ఇలాగే చూడండి. షాఫ్ట్ రెండు ముక్కలుగా ఉన్న బండి అయితే మధ్యలో సెంటర్ బేరింగ్ రబ్బరు చిరిగిందేమో చూడండి.

క్రాస్‌లు బాగుంటే అప్పుడు పినియన్ వైపు రండి. ఫ్లాంజ్‌ని గుండ్రంగా తిప్పితే కాస్త ఆడుతుంది. దాన్ని చూపించే చాలామందిని భయపెడతారు. గేర్ల పళ్ల మధ్య ఆ సందు ఉండాలి, లేకపోతే అవి వేడెక్కి పాడవుతాయి. పైగా లోపలి చిన్న గేర్లు, యాక్సిల్ పళ్లు, వీటన్నిటి సందూ కలిసి ఇక్కడ కనిపిస్తుంది. అసలు చూడాల్సింది ఫ్లాంజ్ పైకీ కిందికీ, లోపలికీ బయటికీ కదులుతోందా అని. అలా కదిలితే పినియన్ బేరింగో, నట్టో లూజు. ఆ బండిని నడపకండి. నట్టు ఊరికే బిగించి పంపేసే మెకానిక్‌ని కూడా ఆపండి, ఆ బిగింపుకు లెక్క ఉంది, ఎక్కువైతే బేరింగ్ కాలిపోతుంది. అనుమానం తీరకపోతే హౌసింగ్ ఆయిల్ దింపించండి. బూడిద రంగు మెత్తటి పేస్టు మామూలే. పళ్ల ముక్కలు వస్తే మాత్రం విప్పాల్సిందే.

మిగిలినవి కమాన్ కట్టలు, ఫౌండేషన్లు (ఇంజిన్, గేర్ బాక్స్ కూర్చునే రబ్బరు దిమ్మలు). కట్టలను హౌసింగ్‌కి పట్టి ఉంచే యూ బోల్టుల దగ్గర ఇనుము కొత్తగా మెరుస్తుంటే అక్కడ కదలిక ఉందన్నమాట. బోల్టులు లూజైతే, లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు హౌసింగ్ మెలితిరిగి ‘ధబ్’ మంటుంది. బుష్‌ల దగ్గర టామీ (ఇనప కడ్డీ) పెట్టి ఎత్తి చూడండి. ఇంజిన్, గేర్ బాక్స్ ఫౌండేషన్లకు తోడు మనిషి కావాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, బ్రేక్ గట్టిగా తొక్కి, అతను మొదటి గేరులో క్లచ్‌ని పట్టుకునే దాకా కొంచెం వదలాలి, తర్వాత రివర్స్‌లోనూ అంతే. మీరు బండికి ముందు కాకుండా పక్కన నిలబడి, బానెట్ ఎత్తి ఇంజిన్‌ని చూడండి. ఒక పక్క ఎగిరి పడితే ఆ రబ్బరు పోయింది.

క్రాస్ మార్చాలని తేలితే, షాఫ్ట్ దింపే ముందే ఫ్లాంజ్‌ల మీద, జరిగే జాయింట్ మీద పెయింట్‌తో గుర్తులు పెట్టించండి. ఈ విషయంలో మొహమాటపడకండి. వంపులో తిరిగే క్రాస్, షాఫ్ట్ ఒక్క చుట్టు తిరిగే లోపల రెండుసార్లు వేగం పెంచి తగ్గిస్తుంది. అవతలి చివర క్రాస్ దాన్ని సరిచేస్తుంది, రెండు చివర్ల చెవులూ ఒకే వరసలో ఉంటేనే. గుర్తు తప్పి బిగిస్తే ‘టంగ్’ పోయి వైబ్రేషన్ వస్తుంది. కప్పులను సుత్తితో కొట్టనివ్వకండి, వైస్‌లో పెట్టి నొక్కించండి. లాక్ రింగు గాడిలో కూర్చోవడం లేదంటే లోపల సూది ఒకటి అడ్డంగా పడి ఉంటుంది, కప్పు తీసి సర్ది మళ్లీ వేయించాలి.

నిపుల్ (గ్రీజు కొట్టే మొన) ఉన్న క్రాస్ అయితే బిగించాక గ్రీజు కొట్టేటప్పుడు దగ్గరుండి చూడండి, నాలుగు కప్పుల అంచుల్లోంచీ గ్రీజు బయటికి రావాలి. మూడింట్లోంచే వస్తే నాలుగోదానికి గ్రీజు అందనట్టే. ఆ కప్పు కొంచెం వెనక్కి లాగి మళ్లీ కొట్టించండి. వాగు దాటి వచ్చిన ప్రతిసారీ మళ్లీ పెట్టించండి.