మనంతట మనమే స్పానిష్ – 9వ పాఠం: ఏ సంత్యాగో?

ముందు క్రితం పాఠం లెక్క తేల్చేద్దాం. "నాది హైదరాబాద్, కానీ ఇప్పుడు డాలస్‌లో ఉన్నాను" అన్న వాక్యాన్ని స్పానిష్‌లో చెప్పమన్నాను కదా. జవాబు: సోయ్ దె హైదరాబాద్, పెరో అఓరా ఎస్తోయ్ ఎన్ దాలస్. సొంత ఊరికి సోయ్, ఇప్పుడున్న చోటుకి ఎస్తోయ్. "ఎస్తోయ్ దె హైదరాబాద్" అని రాసినవాళ్ళు ఆ పాఠం మళ్ళీ ఒకసారి తిరగేయండి. ఈరోజు పనంతా "సోయ్ దె" తోనే.

ఎవరో మీతో "సోయ్ దె సంత్యాగో" అన్నారనుకోండి. వాక్యం అర్థమైంది, ఊరు ఎక్కడిదో తెలియలేదు. స్పెయిన్‌లో ఒక సంత్యాగో ఉంది. చిలీ రాజధాని సంత్యాగో. క్యూబాలో ఒకటి, డొమినికన్ రిపబ్లిక్‌లో ఒకటి, అర్జెంటీనాలో ఒకటి, పనామాలో ఒకటి. చిన్నాచితకా ఊళ్ళ జోలికి వెళ్తే ఈ పాఠం పూర్తి కాదు. వీటిని విడదీసి గుర్తుపట్టడం, మన ఊరి సంగతి ఎదుటివాళ్ళకి తేడా లేకుండా చెప్పడం ఇవాళ్టి పని.

ముందు పలుకుబడి. పేపర్లలో శాంటియాగో అని రాస్తారు. స్పానిష్ వాళ్ళు "ట" అనరు, మన "త" అంటారు, నాలుక పళ్ళకి తగలాలి. ఇంగ్లీషు వాళ్ళు ఈ "త" కోసం నానా తిప్పలు పడతారు, మనకి అది పుట్టుకతో వచ్చింది. "త్యా" దగ్గర బలం పెట్టి, "గో"ని మెత్తగా వదిలేయండి: సంత్యాగో.

ఇంతకీ ఎవరీ సంత్యాగో? తెలుగు బైబిల్ చదివినవాళ్ళకి ఆయన తెలిసినవాడే, జెబెదయి కొడుకు యాకోబు. గలిలయ సముద్రంలో చేపలు పట్టుకుంటూ యేసు వెంట వెళ్ళినవాడు. లాటిన్‌లో యాకోబుస్ అన్న పేరు స్పెయిన్‌లో అరిగి అరిగి యాగో అయింది, దానికి ముందు పరిశుద్ధుడు అనే "సంత్" అతుక్కుపోయింది. కాబట్టి మిగతా సెయింట్ల పేర్ల ముందు పెట్టినట్టు "సాన్ సంత్యాగో" అనకండి, సాన్ అందులోనే ఉంది. ఆయన సమాధి స్పెయిన్ వాయవ్య మూలన గలీసియాలో ఉందని నమ్మకం. దాని చుట్టూ పెరిగిన ఊరే సంత్యాగో దె కొంపొస్తేలా. యూరప్ నలుమూలల నుంచీ జనం వారాల తరబడి నడిచి ఇప్పటికీ అక్కడికి వెళ్తారు. ఆయన స్పెయిన్ దేశానికే రక్షక సెయింట్. సముద్రం దాటి వెళ్ళిన స్పానిష్ సేనానులు అమెరికా ఖండాల్లో ఎక్కడ ఊరు కట్టినా ఆయన పేరే ముందు గుర్తొచ్చేది.

ఆయన పండుగ జులై 25. ఈ తేదీ గుర్తుంటే చాలా పేర్లు వాటంతటవే విడిపోతాయి. మెక్సికోలో కెరేతరో నగరం పుట్టిన రోజుగా చెప్పేది 1531 జులై 25. కొలంబియాలో కాలి, 1536 జులై 25. అర్జెంటీనాలో సంత్యాగో దెల్ ఎస్తేరో, 1553 జులై 25. వెనిజులా రాజధాని కరాకస్, 1567 జులై 25. ఈక్వడార్‌లో గ్వయకీల్ కూడా తన పుట్టినరోజు జులై 25నే చేసుకుంటుంది. వీటిలో ఎస్తేరో ఒక్కదాన్నే మనం సంత్యాగోగా గుర్తుపడతాం. కానీ మిగతావాటి నిండు పేర్లు చూడండి: సంత్యాగో దె కెరేతరో, సంత్యాగో దె కాలి, సంత్యాగో దె లెయోన్ దె కరాకస్, సంత్యాగో దె గ్వయకీల్. వాడుకలో వాటికి తల రాలిపోయి తోక మిగిలింది. చిలీలో దీనికి తిరగబడి జరిగింది. పేద్రో దె వల్దీవియా 1541లో ఊరు మొదలుపెట్టి, తన సొంత ప్రాంతం ఎస్త్రెమదూరా గుర్తుగా సంత్యాగో దెల్ నుయేవో ఎస్త్రేమో అని పేరు పెట్టాడు. తోక రాలిపోయి ఇప్పుడు ఉత్త సంత్యాగో మిగిలింది. (అది ఫిబ్రవరి 12న జరిగింది, కాబట్టి తేదీ చిట్కా అన్నిచోట్లా పని చేయదు.)

ఇక తోకల వ్యాకరణం. కింది పేర్లు పైకి చదవండి:

సంత్యాగో దె కొంపొస్తేలా
సంత్యాగో దె కూబా
సంత్యాగో దె చీలే
సంత్యాగో దెల్ ఎస్తేరో
సంత్యాగో దె లోస్ కబయేరోస్

నాలుగోదాంట్లో "దె" కాస్తా "దెల్" అయింది. ఎస్తేరో అంటే నీళ్ళు నిలిచే చిత్తడి నేల. ఆ ఊరు దూల్సే నది పక్కన ఉంది. ఎస్తేరో ముందు ఇంగ్లీషు "ది" లాంటి "ఎల్" రావాలి, దె, ఎల్ పక్కపక్కన పడితే తప్పనిసరిగా దెల్ అవుతాయి. అయిదోదాంట్లో "లోస్" బహువచనం, అది దేనితోనూ కలవదు. "లా", "లాస్" కూడా అంతే. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. ఎల్ సాల్వదోర్ దేశం పేరులో "ఎల్" పేరులోని భాగం. అందుకే రాసేటప్పుడు సోయ్ దె ఎల్ సాల్వదోర్ అని విడిగానే ఉంచుతారు. మాటల్లో మాత్రం రెండూ కలిసిపోయినట్టే వినిపిస్తాయి, దానికి టెన్షన్ పడొద్దు.

కబయేరోస్ అంటే గుర్రమెక్కే వీరులు, మర్యాదస్తులు. ఇది డొమినికన్ రిపబ్లిక్‌లో రెండో పెద్ద నగరం. కరీబియన్ మాటతీరులో చివరి "స్" మింగేస్తారు కాబట్టి మీ చెవికి "లో కబయేరో" అని పడొచ్చు.

ఇప్పుడు అసలు సరదా. ఊరు పేరు ఒకటే అయినా ఊరివాళ్ళ పేర్లు వేరు. తెలుగులో ఏ ఊరికైనా "వాళ్ళు" తగిలిస్తే సరిపోతుంది. స్పానిష్‌లో ఏ ఊరికి ఏ తోక అనేది ఆ ఊరివాళ్ళే తేల్చుకున్నారు, సూత్రం లేదు, బట్టీ పట్టాల్సిందే. చిలీ సంత్యాగో మనిషి సంత్యగీనో. అర్జెంటీనా మనిషి సంత్యగేన్యో. క్యూబా మనిషి సంత్యగేరో. స్పెయిన్ మనిషి సంత్యగేస్, లేదా ఊరి రెండో సగం పట్టుకుని కొంపొస్తెలానో. ఆడవాళ్ళైతే చివర "ఆ" వస్తుంది: సంత్యగీనా, సంత్యగేన్యా, సంత్యగేరా, సంత్యగేసా. డొమినికన్ వాళ్ళు కూడా సంత్యగేరో అనే అంటారు, ఆ మాట విన్నప్పుడు క్యూబానా, డొమినికనా అని ఇంకోసారి అడగాలి. తల రాలిన ఊళ్ళకి ఈ గొడవే లేదు: కాలివాళ్ళు కలేన్యో, కరాకస్‌వాళ్ళు కరకేన్యో, కెరేతరోవాళ్ళు కెరెతానో.

ఈ మాటల్ని స్పానిష్ లిపిలో చూసినప్పుడు "గ" తర్వాత ఒక "యు" అక్షరం కనిపిస్తుంది. దాన్ని పలకకండి. "ఇ", "ఎ" ముందు స్పానిష్ గ అక్షరం గొంతులోంచి వచ్చే "హ"గా మారిపోతుంది, అలా మారకుండా కాపలాకి ఆ "యు"ని నిలబెట్టారు. సంత్యగుయీనో అని చదివితే ఎదుటివాళ్ళు నవ్వు ఆపుకోవాల్సి వస్తుంది. ఇంకో సంగతి, ఊరి పేరు పెద్ద అక్షరంతో మొదలవుతుంది కానీ ఊరివాళ్ళ పేరు చిన్న అక్షరంతోనే మొదలవ్వాలి. ఇంగ్లీషు అలవాటు ఇక్కడ మనల్ని పట్టి లాగుతుంది.

ఇద్దరి మాటలు, పైకి చదవండి:

– దె దోందె ఎరెస్? (మీ ఊరెక్కడ?)
– సోయ్ దె సంత్యాగో.
– దె సంత్యాగో దె చీలే?
– నో, సోయ్ సంత్యగేన్యా. దె సంత్యాగో దెల్ ఎస్తేరో, ఎన్ అర్హెంతీనా.

పెద్దవాళ్ళని, కొత్తవాళ్ళని అడిగేటప్పుడు "ఎరెస్" తీసేసి "దె దోందె ఎస్ ఉస్తెద్?" అనండి. మొదటిది స్నేహితులకీ, మన ఈడువాళ్ళకీ.

విమానం టికెట్ కొనేటప్పుడు ఊరి పేరు చూసి ఆగిపోకండి, మూడక్షరాల కోడ్ చూడండి. చిలీది ఎస్‌సిఎల్, కొంపొస్తేలాది ఎస్‌సిక్యూ, క్యూబాది ఎస్‌సియు. డొమినికన్ ఊరిది ఎస్‌టిఐ, ఎస్తేరోది ఎస్‌డిఇ. మొదటి మూడింటికీ ఒక్క అక్షరమే తేడా, మధ్యలో అట్లాంటిక్ మహాసముద్రం ఉంది.

అభ్యాసం. వీటిని స్పానిష్‌లో చెప్పండి, జవాబులు పదో పాఠంలో:

1. ఆమెది క్యూబా సంత్యాగో, కానీ ఇప్పుడు చిలీ సంత్యాగోలో ఉంది. (సోయ్ బదులు ఎస్, ఎస్తోయ్ బదులు ఎస్తా వాడాలి.)
2. నేను కలేన్యోని కాదు, కరకేన్యోని.
3. మెరిదా అనే ఊరు స్పెయిన్‌లో, మెక్సికోలో, వెనిజులాలో ఉంది. ఊరివాళ్ళ పేర్లు ఎమెరితేన్సె, మెరిదానో, మెరిదేన్యో. ఏది ఏ దేశానిదో ఊహించండి. ఒకదానికి క్లూ: రోమన్లు ఆ ఊరికి పెట్టిన పేరు ఎమెరితా అవుగుస్తా.