ఎంసీబీ పదేపదే పడిపోతోందా? ఇంట్లో, వర్క్‌షాప్‌లో ఓవర్‌లోడ్ సమస్యలు - పరిష్కారాలు

ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే ఆపేసే స్విచ్) పడిపోగానే మనలో చాలామంది వెంటనే దాన్ని పైకి లేపేస్తాం. అంతకంటే ముందు ఒక్క విషయం గుర్తుచేసుకోండి: స్విచ్ వేసిన ఎంతసేపటికి పడిపోయింది? కారణం సగం అక్కడే తెలిసిపోతుంది. స్విచ్ వేయగానే టప్‌మని పడితే ఎక్కడో షార్ట్ అయి ఉండొచ్చు, లేదా పెద్ద మోటారు స్టార్ట్ అయ్యే దెబ్బ కావొచ్చు. పదో ఇరవయ్యో నిమిషాలు నడిచాక పడితే ఓవర్‌లోడ్. వాన కురిసినప్పుడో, గీజరు వేసినప్పుడో ఆర్‌సీసీబీ (లీకేజీని పసిగట్టి ఆపేసే స్విచ్) పడితే కరెంటు ఎర్త్‌కి లీకవుతోంది.

సమస్య: ఏసీ నడుస్తుండగా గీజరు, ఇస్త్రీ పెట్టె వేస్తే కాసేపటికి ఎంసీబీ పడిపోతోంది

వస్తువు మీద రాసున్న వాట్లను 230తో భాగించండి, ఎన్ని ఆంపియర్లో తెలుస్తుంది. 2000 వాట్ల గీజరుకి 8.7, వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెకి 4.3, టన్నున్నర ఏసీకి సుమారు 7. మొత్తం 20. ఇవన్నీ 16 ఆంపియర్ల ఎంసీబీ మీదే ఉంటే అది పడిపోవడం తన పని తాను చేయడమే.

అయితే వెంటనే ఎందుకు పడదు? ఓవర్‌లోడ్‌ని పసిగట్టేది లోపలి లోహపు పట్టీ. అది వేడెక్కి వంగితేనే స్విచ్ పడుతుంది. ప్రమాణం ప్రకారం 16 ఆంపియర్ల ఎంసీబీ 18 ఆంపియర్లను గంటసేపు మోయగలగాలి, 23 ఆంపియర్ల దగ్గర గంటలోపు పడాలి. కాబట్టి 20 ఆంపియర్లు లాగుతున్నా అది చాలాసేపు ఊరుకోవచ్చు. ఆ సమయమంతా గోడలోని వైరు వేడెక్కుతూనే ఉంటుంది. ఎంసీబీని 30 డిగ్రీల ఉష్ణోగ్రతకు సరిచేసి తయారుచేస్తారు. మే నెలలో పడమటి ఎండ తగిలే గోడ మీద డీబీ (ఎంసీబీలన్నీ ఉండే పెట్టె) ఉంటే అదే లోడుకి ఇంకా త్వరగా పడొచ్చు.

పరిష్కారం దగ్గరే పెద్ద తప్పు జరుగుతోంది. 16 తీసేసి 32 పెట్టేస్తున్నారు. దయచేసి ఆ పని చేయించకండి. ఎంసీబీ ఉన్నది ముఖ్యంగా వైరును కాపాడటానికి. వైరు మార్చకుండా ఎంసీబీ పెంచితే ఇక పడిపోవడం ఉండదు, వైరే కాలుతుంది. ఇళ్లలో సాధారణంగా లైట్లు, ఫ్యాన్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ వేస్తారు. పవర్ పాయింట్లకు 2.5 వైరు, 16 ఆంపియర్లు. ఏసీకి, గీజరుకి డీబీ నుంచి విడివిడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగిస్తే మంచిది. ఆ పని అయ్యేదాకా గీజరు ఆపాకే ఇస్త్రీ పెట్టె వేయండి.

మన విశాఖలో అల్లిపురం, వన్‌టౌన్ వైపు పాత ఇళ్లలో ఇంకా ఫ్యూజులే ఉంటే, ఫ్యూజు వైరు బదులు మామూలు వైరులోని రాగి తీగలు మెలిపెట్టి కట్టారేమో చూడండి. అలా కట్టిన ఫ్యూజు ఉన్నా లేనట్టే.

సమస్య: ప్లగ్ వేడెక్కి కాలిన వాసన వస్తోంది, ఎంసీబీ మాత్రం పడటం లేదు

నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే. ఎంసీబీకి తెలిసేది తన గుండా ఎంత కరెంటు పోతోందన్నదే. సాకెట్‌లో స్క్రూ వదులైన సంగతి దానికి తెలియదు. 3000 వాట్ల గీజరు 13 ఆంపియర్లు లాగుతుంది. వదులైన చోట అర ఓమ్ నిరోధం ఉన్నా చాలు, ఆ చిన్న బిందువు దగ్గర దాదాపు 85 వాట్ల వేడి పుడుతుంది. ప్లాస్టిక్ కరగడానికి అది చాలు.

మన విశాఖలో దీనికి ఉప్పుగాలి తోడవుతుంది. పెదవాల్తేరు, లాసన్స్ బే, ఎంవీపీ కాలనీల్లో సముద్రం వైపు బాల్కనీలో ఉన్న ప్లగ్ పాయింటు విప్పి చూడండి. ఇత్తడి మీద పచ్చగా చిలుము కనిపించవచ్చు. చిలుము పట్టిన చోట నిరోధం పెరుగుతుంది, వేడి పుడుతుంది, వేడికి స్క్రూ ఇంకా వదులవుతుంది.

మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్ చేత ఆ సాకెట్ మార్పించండి. రుద్ది శుభ్రం చేసి అదే బిగిస్తే కుదరదు, వేడికి లోపలి స్ప్రింగు బలం పోయి ఉంటుంది. నల్లబడిన వైరు చివరను మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి కొత్తగా బిగించాలి. బాల్కనీలో మూత ఉన్న వాటర్‌ప్రూఫ్ సాకెట్ పెట్టించండి. ఏడాదికోసారి, వానలకు ముందు, డీబీలోనూ పవర్ పాయింట్లలోనూ స్క్రూలన్నీ బిగించమనండి.

ఎక్స్‌టెన్షన్ బాక్స్ వేడెక్కితే కారణం వెతకక్కర్లేదు. ఫోను ఛార్జరుకీ టీవీకీ సరిపోయేదాని మీద ఇండక్షన్ స్టవ్వో, కెటిలో పెట్టి ఉంటారు. వాటిని గోడకున్న 16 ఆంపియర్ల సాకెట్‌కి మార్చండి.

సమస్య: వర్క్‌షాప్‌లో కంప్రెసర్ స్టార్ట్ కాగానే ఎంసీబీ పడిపోతోంది

గాజువాక ఆటోనగర్ లాంటి చోట ఇది తరచూ వచ్చే గొడవ. మోటారు తిరగడం మొదలుపెట్టేటప్పుడు మామూలు కరెంటుకి ఆరేడు రెట్లు లాగుతుంది. బి రకం ఎంసీబీ మూడు నుంచి ఐదు రెట్ల మధ్యే వెంటనే పడిపోతుంది. అందుకే మోటార్లకు అదే ఆంపియర్లలో సి రకం (ఐదు నుంచి పది రెట్లు) వేస్తారు, బరువుగా స్టార్ట్ అయ్యేవాటికి డి రకం. అది మార్చినా పడుతుంటే కంప్రెసర్‌నే చూడండి. ఆగినప్పుడు హెడ్‌లో గాలి ఖాళీ కాకపోతే మోటారు ఆ ఒత్తిడి మీదే తిరగాల్సి వస్తుంది. ఆ గాలిని వదిలే అన్‌లోడర్ వాల్వు పాడైతే జరిగేది ఇదే.

వెల్డింగ్ సెట్టుకి విడి లైను తప్పనిసరి. గ్రైండర్, డ్రిల్లు ఉన్న బోర్డు నుంచి దానికి కరెంటు ఇవ్వకూడదు. పొడవాటి కేబుల్‌ని చుట్టగా ఉంచి వాడితే మధ్యలో వేడి బయటకు పోదు, పూర్తిగా విప్పి పరవండి. త్రీ ఫేజ్ ఉంటే క్లాంప్ మీటర్‌తో మూడు ఫేజుల కరెంటూ కొలిపించండి. ఒక దాని మీదే భారమంతా ఉంటే లోడు పంచాలి. త్రీ ఫేజ్ మోటారుకి ఓవర్‌లోడ్ రిలే (కరెంటు ఎక్కువైతే మోటారును ఆపేది), సింగిల్ ఫేజింగ్ రక్షణ రెండూ ఉండాలి. ఒక ఫేజు పోయినా మోటారు మిగతా రెండింటి మీద ఎక్కువ కరెంటు లాగుతూ తిరుగుతుంది, వైండింగ్ కాలిపోతుంది.

సమస్య: కొన్ని లైట్లు మసకబారి, కొన్ని మరీ వెలిగిపోతున్నాయి

త్రీ ఫేజ్ కనెక్షన్‌లో న్యూట్రల్ వదులైందనడానికి ఇది గుర్తు. కొన్ని పాయింట్లకు 230 కంటే చాలా ఎక్కువ ఓల్టేజీ వెళ్తుంది, ఫ్రిజ్, టీవీ నిమిషాల్లో పోవచ్చు. ఆలోచించకుండా మెయిన్ ఆపేసి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి. మీటరు దగ్గర మీరు చేయి పెట్టకండి.

ఇంట్లో వైర్లు, ఎంసీబీలు సరిగ్గా ఉన్నా మెయిన్ స్విచ్చే పడుతుంటే, మీరు తీసుకున్న లోడు ఎన్ని కిలోవాట్లో బిల్లులో చూసుకోండి. రెండు కిలోవాట్లకు తీసుకున్న కనెక్షన్ మీద రెండు ఏసీలు, గీజరు నడుపుతుంటే అదనపు లోడుకి మనకు కరెంటు ఇచ్చే సంస్థ ఈపీడీసీఎల్‌లో దరఖాస్తు పెట్టి, మీటరు నుంచి డీబీ దాకా వచ్చే వైరు ఆ లోడుకి సరిపోతుందో లేదో కూడా చూపించుకోండి.