ఓడను టైమ్ చార్టర్‌కు తీసుకోవడం: రీక్యాప్ నుంచి రీడెలివరీ దాకా

కాకినాడ నుంచి పశ్చిమ ఆఫ్రికాకు ముప్పై వేల టన్నుల బియ్యం పంపాలనుకోండి. ఓడను రెండు రకాలుగా మాట్లాడుకోవచ్చు. టన్నుకు ఇంతని ఫ్రైట్ కుదుర్చుకుంటే అది వాయేజ్ చార్టర్. దారిలో గాలివాన పట్టినా, ఇంధనం ధర పెరిగినా ఆ బరువు ఓనర్‌దే (ఓడ యజమానిదే). రోజుకు ఇంతని హైర్ కుదుర్చుకుంటే అది టైమ్ చార్టర్. డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకున్నట్టే: బండి రిపేర్లు, డ్రైవర్ జీతం, ఇన్సూరెన్స్ బండి యజమానివి, డీజిల్, టోల్, పార్కింగ్ మనవి. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా రోజు అద్దె రోజు అద్దే.

అందుకే టైమ్ చార్టర్ కాగితాన్ని ఒక్క ప్రశ్న పట్టుకుని చదవాలి: పోయిన గంట ఎవరి ఖాతాలో పడుతుంది? మామూలుగా చార్టరర్ (ఓడను అద్దెకు తీసుకున్నవాడి) ఖాతాలోనే. అలా కాదనాలంటే ఫలానా క్లాజ్ కిందికి వస్తుందని చార్టరరే చూపించాలి.

ఖర్చులు ఇలా పంచుకుంటారు. సిబ్బంది జీతాలు, స్టోర్స్, లూబ్ ఆయిల్, ఓడ ఇన్సూరెన్స్, క్లాస్ సర్వేలు (ఓడ దృఢత్వం తనిఖీలు), డ్రై డాక్ (ఓడను నీటి బయట నిలిపి చేసే పనులు) ఓనర్‌వి. బంకర్లు (ఓడ ఇంధనం), రేవు రుసుములు, పైలట్ (రేవులో దారి చూపే నావికుడు), టగ్గులు, కాలువ టోల్, ఏజెంటు, సరుకు ఎక్కింపు దింపుడు చార్టరర్‌వి. ఓడను నడిపేది ఓనర్ మనిషైన మాస్టరే, అంటే కెప్టెనే. ఎక్కడికి వెళ్లాలో, ఏం ఎక్కించాలో చెప్పేది చార్టరర్.

ఏ ఫారం, ఏ రీక్యాప్

బల్క్ ఓడలకు ఎక్కువగా కనిపించేది న్యూయార్క్ ప్రొడ్యూస్ ఎక్స్ఛేంజ్ ఫారం, వాడుకలో నైప్. 1946, 1993, 2015 కూర్పులున్నాయి. కొత్తవి వచ్చినా 1946 ఫారంలో సగం గీతలు కొట్టేసి, వెనక ఎనభై రైడర్ (అదనపు) క్లాజులు తగిలించి వాడేవాళ్లు ఇంకా ఉన్నారు. బాల్‌టైమ్ ఓనర్ వైపు మొగ్గుతుంది. ట్యాంకర్లకు షెల్‌టైమ్ 4. ఫారం ఏదైనా, అచ్చు వాక్యానికీ రైడర్‌కూ పొంతన లేకపోతే సాధారణంగా రైడర్‌దే పైచేయి. కాబట్టి ముందు రైడర్లు, కొట్టివేతలు చదివి, ఆ తర్వాతే ఫారం చదవండి.

బేరం బ్రోకర్ల ద్వారా మెయిళ్లలో సాగి, చివరికి కుదిరిన షరతుల సారాంశం, అంటే రీక్యాప్, వస్తుంది. అందులో 'సబ్జెక్ట్స్' (ఇంకా తేలాల్సిన షరతులు) మిగిలి ఉన్నంతవరకు ఇంగ్లిష్ చట్టం ప్రకారం ఒప్పందం పుట్టనట్టే. 'ఫిక్స్‌డ్ ఆన్ సబ్జెక్ట్స్' అని రాసినంత మాత్రాన ఓడ చేతికొచ్చిందనుకుని సరుకు కొనేయొద్దు. సబ్జెక్ట్స్ ఎత్తేసినట్టు గడువులోపు రాతపూర్వకంగా మెయిల్ వెళ్లాలి.

ఓడ వివరాల్లో క్రేన్ల సామర్థ్యం, హోల్డుల్లో (సరుకు నింపే గదుల్లో) ఎంత ధాన్యం పడుతుందో చెప్పే గ్రెయిన్ కెపాసిటీ, వేగం, ఇంధన వాడకం, ఆఖరి మూడు సరుకులు అడగాలి. బియ్యానికి హోల్డులు 'గ్రెయిన్ క్లీన్'గా, అంటే ధాన్యం పోయగలిగేంత శుభ్రంగా ఉండాలి. దీనికి ముందు బొగ్గో పెట్‌కోకో (చమురు శుద్ధిలో మిగిలే బొగ్గులాంటి పదార్థమో) మోసిన ఓడైతే ఒక్క కడుగుతో తేలదు.

డెలివరీ

లేకాన్ అంటే ఓడను అప్పగించాల్సిన తేదీల కిటికీ. మొదటి తేదీకి ముందు వస్తే హైర్ మొదలవదు. ఆఖరి తేదీ దాటితే చార్టరర్ రద్దు చేసుకోవచ్చు. డెలివరీ స్థలం ఒక్క పదమే అయినా దాని ఖరీదు ఎక్కువ. 'అరైవల్ పైలట్ స్టేషన్' అంటే లోడింగ్ రేవు ముందు మీటరు మొదలవుతుంది. 'డ్రాపింగ్ అవుట్‌వర్డ్ పైలట్' అంటే ఓడ క్రితం రేవు వదిలిన క్షణం నుంచే. సింగపూర్‌లో పైలట్ దిగిన చోటు డెలివరీ అయితే కాకినాడ దాకా ఖాళీ ప్రయాణపు రోజులూ, ఇంధనమూ మీవే.

డెలివరీ రోజున ఇద్దరి తరఫునా సర్వేయర్ ఆన్-హైర్ సర్వే చేస్తాడు. ట్యాంకుల్లో ఎన్ని టన్నుల ఇంధనం ఉంది, హోల్డులు, హాచ్ కవర్లు (హోల్డు మూతలు) ఏ స్థితిలో ఉన్నాయి అన్నది రాస్తాడు. ఈ కాగితం సరిగా లేకపోతే రీడెలివరీనాడు (ఓడను తిరిగి అప్పగించే రోజు) నిచ్చెన మెట్టు వంగినా 'మీ స్టీవెడోర్ల (రేవు కూలీల) పనే' అంటారు. హోల్డులు తనిఖీలో ఫెయిలైతే మళ్లీ పాసయ్యేదాకా ఓడ ఆఫ్-హైర్ (హైర్ నడవని కాలం) అని క్లాజ్ ఉందో లేదో ముందే చూసుకోండి. సమయాలన్నీ యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) రాయించండి. ఇక్కడి టైం ఒకటి, అక్కడి టైం ఒకటి వేసి రీడెలివరీలో గంటల కోసం కొట్టుకోవడం కంటే అదే మేలు.

మొదటి హైర్ లెక్క

హైర్ పదిహేను రోజులకు ఒకసారి ముందుగానే కట్టాలి. ఒక లెక్క వేద్దాం. రోజుకు 12,500 డాలర్లు. పదిహేను రోజులకు 1,87,500. కమీషన్లన్నీ కలిపి 3.75 శాతం అయితే 7,031.25 తీసేయాలి, మిగిలేది 1,80,468.75. డెలివరీలో ఉన్న ఇంధనాన్ని చార్టరర్ కొనుక్కోవాలి: 600 టన్నుల ఫ్యూయల్ ఆయిల్, టన్ను 600 చొప్పున 3,60,000, 80 టన్నుల గ్యాస్ ఆయిల్, టన్ను 800 చొప్పున 64,000. కమ్యూనికేషన్, అతిథుల భోజనాల కింద నెలకు 1,500 ఒప్పుకుంటే పదిహేను రోజులకు 750. మొత్తం 6,05,218.75 డాలర్లు. అందులో అద్దె మూడో వంతు కూడా లేదు. కొత్తగా చార్టర్ చేసేవాళ్లు తడబడేది ఇక్కడే: హైర్ డబ్బు సిద్ధంగా ఉంటుంది, బంకర్ డబ్బు ఉండదు.

ఆలస్యమైతే ఏమవుతుందో 'లకోనియా' కేసు చెబుతుంది. ఆ ఓడ హైర్ వాయిదా 1970 ఏప్రిల్ 12, ఆదివారం. బ్యాంకులు మూత. చార్టరర్లు సోమవారం కట్టారు. ఓనర్ ఓడను వెనక్కి తీసేసుకున్నాడు. 1977లో బ్రిటన్‌లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ అది న్యాయమేనంది. వాయిదా సెలవు రోజున పడితే ముందరి పనిదినానే ఓనర్ ఖాతాలో డబ్బు పడాలి. విదేశీ బ్యాంకుకు పంపే డాలర్లు మధ్యవర్తి బ్యాంకులో ఒకటి రెండు రోజులు ఆగడం మామూలే కాబట్టి, మూడు పనిదినాల ముందు పంపడం అలవాటు చేసుకోండి. ఓడను తీసుకునే ముందు నోటీసిచ్చి గడువు ఇవ్వాలనే క్లాజ్ తప్పక పెట్టించండి. 2015 నైప్‌లో మూడు బ్యాంకింగ్ రోజుల గడువు అచ్చులోనే ఉంది; 1946లో లేదు.

ఓనర్ వైపు కూడా ఒక మాట. ఓడను వెనక్కి తీసుకున్నంత మాత్రాన మిగిలిన కాలానికి నష్టపరిహారం రాదు. హైర్ సకాలంలో కట్టడం 'కండిషన్' (తప్పితే ఒప్పందం ముగించి, నష్టపరిహారం కోరగల షరతు) కాదని 2016లో స్పార్ షిప్పింగ్ కేసులో ఇంగ్లండ్ అప్పీల్ కోర్టు తేల్చింది; చార్టరర్ ఒప్పందాన్నే వదిలేసినట్టు విడిగా నిరూపించాలి.

ఆఫ్-హైర్

నైప్ 1946లో 15వ క్లాజ్. సిబ్బంది లేదా స్టోర్స్ కొరత, అగ్నిప్రమాదం, యంత్రాల బ్రేక్‌డౌన్, గ్రౌండింగ్ (ఓడ నేలకు తగలడం), డ్రై డాక్, 'ఓడ పూర్తి పనిని అడ్డుకునే మరే ఇతర కారణమైనా' వల్ల సమయం పోతే ఆ సమయానికి హైర్ ఆగుతుంది. ఈ చివరి ముక్క చూసి అన్నీ ఇందులో పడతాయనుకుంటే పొరపాటే. 2009 ఫిబ్రవరిలో సోమాలీ దొంగలు ఏడెన్ సింధుశాఖలో 'సల్దాన్హా' ఓడను పట్టుకుని ఏప్రిల్ దాకా వదల్లేదు. ఆ రెండు నెలల హైర్ చార్టరరే కట్టాలని 2010లో లండన్ కోర్టు చెప్పింది. ఆ కారణం జాబితాలోని వాటి జాతిది కాదు. 'మరే ఇతర కారణమైనా' పక్కన 'ఎలాంటిదైనా సరే' అనే అర్థమిచ్చే ఒక్క పదం చేర్చి ఉంటే పరిధి బాగా పెరిగేది. చార్టరర్ అయితే ఆ పదం కోసం పట్టుబట్టండి. పైరసీ, క్వారంటైన్, ఓడ అరెస్టులకు విడిగా రాయించుకోండి.

రెండో చిక్కు: చెడిపోయిన సమయం కాదు, నిజంగా పోయిన సమయమే లెక్క. నాలుగు క్రేన్ల ఓడలో ఒకటి పదహారు గంటలు ఆగింది. రేవు నాలుగు గ్యాంగులను (కూలీల జట్లను) పెట్టి ఉంటే పోయింది నాలుగో వంతు, అంటే 4 గంటలు, 2,083 డాలర్లు. ఆ రోజు రేవు మూడు గ్యాంగులనే ఇచ్చి ఉంటే నష్టం సున్నా. అందుకని ఏజెంటు ఇచ్చే స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్‌లో (రేవులో గంటగంటకూ జరిగింది రాసే కాగితంలో) 'క్రేన్ నం. 3 పని చేయలేదు' అంటే చాలదు. ఎన్ని గ్యాంగులు సిద్ధంగా ఉన్నాయి, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా అన్నది రాయించి, మాస్టర్ సంతకం తీసుకోవాలి.

వేగం తగ్గినందుకు క్లెయిమ్‌ది ఇంకో లెక్క. '13 నాట్లు అబౌట్, బోఫర్ట్ 4 దాకా' (నాటు అంటే గంటకు ఒక సముద్ర మైలు, బోఫర్ట్ గాలి బలం కొలత) అని రాస్తే 'అబౌట్'కు సాధారణంగా అర నాటు వదిలేస్తారు, అంటే 12.5. మంచి వాతావరణంలో 2,600 సముద్ర మైళ్లు 12 నాట్లతో నడిస్తే 216.67 గంటలు, నడవాల్సింది 208. తేడా 8.67 గంటలు, సుమారు 4,514 డాలర్లు. అక్కడా ఇక్కడా మూడు గంటలు దొరికిన మంచి వాతావరణం పట్టుకుని ప్రయాణమంతటికీ గుణిస్తే ఆర్బిట్రేటర్ ఒప్పుకోడు. చాలా రైడర్లు కనీసం 24 గంటల వరస అడుగుతాయి.

ఈ క్లెయిములను తర్వాతి హైర్ నుంచి కోసుకోవచ్చు గానీ, అంచనా సహేతుకంగా, నిజాయితీగా ఉండాలి. లెక్క కాగితం లేకుండా గుండుగుత్తగా కోసేస్తే అది హైర్ బాకీ అవుతుంది, లకోనియా కథ మొదటికొస్తుంది.

ఆదేశాలు, రేవులు, బిల్ ఆఫ్ లేడింగ్

చార్టరర్ చెప్పే రేవు సురక్షితమై ఉండాలి. రేవు ప్రమాదకరమని తెలిస్తే మాస్టర్ వెంటనే అభ్యంతరం చెప్పాలి. షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఓడ 'కాంచన్‌జంగా' 1980లో ఇరాన్-ఇరాక్ యుద్ధ సమయంలో ఖార్గ్ దీవికి వెళ్లింది. రేవు సంగతి తెలిసి కూడా ఓనర్లు ఒప్పుకుని, ఓడ సిద్ధంగా ఉందని నోటీసిచ్చారు. తర్వాత విమాన దాడికి భయపడి వెళ్లిపోయారు. ఒకసారి అంగీకరించాక తిరస్కరించే హక్కు పోయిందని హౌస్ ఆఫ్ లార్డ్స్ 1990లో అంది. అది టైమ్ చార్టర్ కాకపోయినా, సూత్రం ఇక్కడా అదే.

బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడెక్కిందనే పత్రం) మేట్స్ రసీదుకు (సరుకు ఎక్కించేటప్పుడు ఓడ అధికారి ఇచ్చే రసీదుకు) సరిపోవాలి. బస్తాలు తడిసి ఉంటే రసీదులో రాయాల్సిందే. పశ్చిమ ఆఫ్రికా రేవుల్లో బస్తాల షార్టేజ్ (తరుగు) క్లెయిములు మామూలు వ్యవహారం, కాబట్టి ఎక్కించేటప్పుడే ఇద్దరి టాలీ (బస్తాల లెక్కింపు) పెట్టించండి. రీక్యాప్‌లో ఇంటర్-క్లబ్ అగ్రిమెంట్ (సరుకు క్లెయిములను ఓనర్, చార్టరర్ పంచుకునే ప్రామాణిక ఒప్పందం) ఉంటే పంపకం ఇలా: ఓడ సీవర్తీగా (సముద్ర ప్రయాణానికి యోగ్యంగా) లేకపోవడం వల్ల వచ్చినది నూరు శాతం ఓనర్‌ది, బాధ్యతను మాస్టర్‌కు అప్పగించే మాటలు అదనంగా చేర్చకపోతే స్టోయింగ్ (సరుకు అమర్చడం), హ్యాండ్లింగ్ లోపాలవి చార్టరర్‌వి. షార్టేజ్ సగం సగం. క్లెయిమ్ సంగతి సాధారణంగా సరుకు అప్పగించిన 24 నెలల్లో ఎదుటి పక్షానికి రాతపూర్వకంగా చేరాలి.

భారతీయ తీరంలో

విదేశీ జెండా ఓడను మన రేవు నుంచి మన రేవుకే సరుకు మోయించడానికి తీసుకుంటే సాధారణంగా డీజీ షిప్పింగ్ (కేంద్ర నౌకాయాన డైరెక్టర్ జనరల్) లైసెన్స్ కావాలి. కొన్ని మినహాయింపులున్నాయి, ఫిక్స్ చేసే ముందే అడగండి, తర్వాత కాదు. ఇంకొకటి పన్ను. ఇంగ్లిష్ చట్టంలో టైమ్ చార్టర్ అంటే సేవ, ఓడ స్వాధీనం ఓనర్‌దే. కానీ న్యూ మంగళూరు పోర్ట్ ట్రస్ట్ తీసుకున్న 'కుమారి తారిణి' అనే టగ్గు విషయంలో 2019లో మన సుప్రీంకోర్టు, అది వాడుకునే హక్కు బదిలీయేనని, జీఎస్టీకి ముందునాటి రాష్ట్ర అమ్మకం పన్ను దానికి పడుతుందని చెప్పింది. ఒప్పందానికి చట్టం లండన్‌దైనా, పన్ను ఇక్కడిదే.

రీడెలివరీ

నోటీసులు ఇరవై రోజుల ముందు నుంచి మొదలై ఐదు, మూడు, ఒకటి దాకా పంపుతారు. చివరి ప్రయాణాన్ని లెక్కగట్టేటప్పుడు రేవులో క్యూ కలపడం మరచిపోతారు. 'అకిలియస్' అనే ఓడ 2004 మే 2లోపు ఓనర్‌కు తిరిగి రావాల్సింది. జపాన్‌లోని ఓయిటా రేవులో రద్దీ వల్ల 11న వచ్చింది. ఓనర్ తర్వాతి చార్టర్ ధర 39,500 నుంచి 31,500కు తగ్గించాల్సి వచ్చింది, నష్టం 13 లక్షల డాలర్లకు పైగా అన్నాడు. 2008లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పుతో దక్కింది ఆలస్యమైన రోజుల మార్కెట్ తేడా మాత్రమే, 1,58,301 డాలర్లు. చార్టరర్‌కు అది కలిసొచ్చినా, పెరుగుతున్న మార్కెట్‌లో ఆ తేడా కూడా చిన్నదేం కాదు.

రీడెలివరీ ఇంధనం డెలివరీలో ఉన్నంతే, ధర కూడా అదే అని రాయడం రివాజు. ఇక్కడో మెలిక ఉంది. ఒప్పుకున్న ధర 600, బజారు ధర 500కు పడిపోతే, చార్టరర్ చివరి రేవులో ట్యాంకులు నింపి ఓనర్‌కు టన్నుకు వంద లాభంతో అంటగట్టొచ్చు. ఓనర్ వైపు ఉంటే పరిమాణానికి పై హద్దు పెట్టించండి, చివరి రేవులో వాణిజ్యం కోసం బంకర్ తీసుకోకూడదని రాయించండి. చార్టరర్ వైపు ఉంటే, ఆఖరి రెండు హైర్ల నుంచి రీడెలివరీ బంకర్ల విలువనూ, ఓనర్ తరఫున ఏజెంటు పెట్టిన ఖర్చులనూ అంచనా వేసి తగ్గించుకునే క్లాజ్ ముందే పెట్టించండి. ఓడ చేయి దాటాక ఆ డబ్బు వెనక్కి రప్పించడం ఆర్బిట్రేషన్ పనవుతుంది.