అవ్వ చేతి సంగటి కట్టెను పిల్లలకు అందించడం ఎలా

మా అవ్వ నాకు చెప్పిన బుద్ధులన్నీ సంగటి కుండ దగ్గర చెప్పినవే. పలమనేరు పక్క పల్లెలో, రెండు పాదాల మధ్య కుండను బిగించి, కట్టెతో కెలుకుతూ చెప్పేది. 2022లో జిల్లా విడిపోయి మా ఊరు చిత్తూరులో, నేను తిరుపతిలో ఉండిపోయాం. సంగటి మాత్రం రెండు జిల్లాలకూ ఒకటే. పన్నెండేళ్ల నా కూతురికి ఊరికే "ఓపిక పట్టాలి" అంటే చెవికెక్కదు. అందుకే కట్టె చేతికిచ్చాను. మీరూ ఇచ్చి చూడండి.

ముందు పిండి సంగతి. మరలో ఆడించిన రాగిపిండి వేడిగా ఉంటుంది. అలాగే డబ్బాలో పోసి మూత పెడితే చెమ్మ పట్టి ముక్కిపోతుంది. పాత చీర మీద పరిచి, పూర్తిగా చల్లారాక ఎత్తుకోండి.

నలుగురికి అరగ్లాసు బియ్యం, ఒకటిన్నర గ్లాసు పిండి, 4 గ్లాసుల నీళ్లు. బియ్యం అరగంట నానాలి, నూకలైతే ఆ పని లేదు. ఉప్పు వేసి, మెతుకు వేలికింద నలిగిపోయేదాకా ఉడకనివ్వండి.

పిండి పోయకముందే ఒక గ్లాసు గంజి తీసి పక్కన పెట్టుకోవాలి. "గట్టిపడితే పోసుకోవచ్చు, పలచబడితే తోడలేవు" అనేది అవ్వ. ఒక ఏడు వేరుశనగ అమ్మిన సొమ్మంతా మా నాయన కొత్త గదికి పెట్టబోతే, అవ్వ అడిగింది ఒక్కటే: "గ్లాసు పక్కన పెట్టావా?" నాయన గది పని సగంలో ఆపేశాడు. మరుసటి ఏడు వానలు మొహం చాటేస్తే ఆ మిగిలిన డబ్బుతోనే మాకు గడిచింది.

ఇప్పుడు మంట తగ్గించి, పిండిని నడుమ కుప్పగా పోయండి. కలపకండి. కట్టె కొనతో కుప్ప మధ్యలో అడుగుదాకా గుంత చేసి, మూత వారగా పెట్టండి. కాసేపటికి ఆ గుంతలోంచి గంజి బుడబుడమంటూ పైకి వస్తుంది, పిండి అంచులు తడిసి రంగు ముదురుతాయి. 10 నిమిషాలు అలా వదిలేయాలి. చెయ్యి ఊరుకోదు, అయినా ఆగాలి. తొందరపడి కెలికితే ఉండలు కడతాయి. పైకి నున్నగా కనిపించినా లోపల పొడిపిండి మిగిలే ఉంటుంది. నా కూతురు మొదటిసారి నాలుగో నిమిషానికే కెలికింది. నేనేమీ అనలేదు. పళ్లెంలో ఆ ఉండలను తనే చిదిమి చూసుకుంది. రెండోసారి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని గుంత వైపే చూస్తూ కూర్చుంది. పిల్లలు పాడుచేసే కుండను ముందే లెక్కలో వేసుకోండి. ఈ పని నేర్పడంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది అదే.

పొయ్యి ఆపి గిన్నె కిందికి దించండి. ఒకరు గుడ్డతో గట్టిగా పట్టుకుంటే మరొకరు కెలకాలి. అవ్వకైతే పాదాలే చాలేవి. అంచు నుంచి నడిమికి, మెతుకులు పిండిలో కలిసిపోయేదాకా తిప్పండి. గట్టిగా అనిపిస్తే తీసిపెట్టిన గంజి ఉండనే ఉంది. మళ్లీ సన్నని మంట మీద 5 నిమిషాలు మూత పెట్టండి. తడిచేత్తో తాకితే అంటుకోకపోతే ఉడికినట్టు.

ముద్దలు చెయ్యి తడుపుకుని వేడిమీదే చేయాలి. ఇంట్లో నలుగురుంటే ముద్దలు ఐదు. ఆ ఐదోది ఎవరికని అడిగితే "వచ్చాక తెలుస్తుంది" అనేది అవ్వ. గొర్రెల కాపరి వచ్చేవాడు, పోస్టుమ్యాన్ వచ్చేవాడు. పొలం గట్టు తగాదాతో మాటలు మానేసిన మా పెదనాన్న కూడా ఒక మధ్యాహ్నం గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అవ్వ ఏమీ అడగలేదు. కాళ్లకు నీళ్లిచ్చి, ముద్ద పెట్టి, మధ్యలో గుంత చేసి నెయ్యి వేసింది. ఆయన తల ఎత్తకుండా తిన్నాడు.

నంజుకోవడానికి ఊరిబిండి అనే రోటి పచ్చడో, పులగూర అనే పుల్లటి ఆకుకూరో, మీ ఇష్టం.

ఐదో ముద్దకు రాత్రిదాకా ఎవరూ రాకపోతే మట్టి చట్టిలో నీళ్లు పోసి అందులో వేసి ఉంచండి. పొద్దున్నే చేత్తో పిసికి, మజ్జిగ, ఉప్పు, తరిగిన ఉల్లిపాయ కలిపి ఇవ్వండి. మొదటి గ్లాసు కెలికిన పిల్లకు.