షాపు సిబ్బందికి పని మీద మనసు నిలిచేలా ఎలా చేయాలి?

సేల్స్ సిబ్బంది ముభావంగా ఉంటున్నారంటే యజమానికి ముందు తట్టేది జీతం, ఆ తర్వాత బహుమతులు. జీతం సమయానికి పడకపోతే మిగతావేవీ పనిచేయవు, అందులో అనుమానం లేదు. అయితే మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లోనే ఇంకో మాట చెప్పారు. జీతం, పని పరిస్థితులు బాగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది కానీ, అవి బాగున్నంత మాత్రాన ఉత్సాహం రాదట. అది బాధ్యత నుంచి, గుర్తింపు నుంచి వస్తుంది. కాబట్టి ముందు చిరాకులు తీసేసి, తర్వాత ఉత్సాహం సంగతి చూడాలి.

మొదట షిఫ్టుల పట్టిక

నన్నడిగితే సగం పని ఇక్కడే ఉంది. రేపు పొద్దున రావాలో సాయంత్రం రావాలో ఈ రాత్రి దాకా తెలియని మనిషి కస్టమర్‌ని చూసి నవ్వమంటే ఎలా నవ్వుతాడు? పట్టిక కనీసం రెండు వారాల ముందే గోడ మీద పెట్టండి. రాసేముందు ఒక్కొక్కరినీ పిలిచి, వాళ్లకు కచ్చితంగా కుదరని రోజులేవో, వేళలేవో అడగండి. రాత్రి షట్టర్ దించిన మనిషి చేతే మర్నాడు పొద్దున షట్టర్ తీయించకండి. పట్టిక పెట్టాక మార్చాల్సి వస్తే వాళ్లను అడిగే మార్చండి. ఇద్దరు తమలో తాము షిఫ్టు మార్చుకుంటామంటే సరే అనండి, మీకు చెబితే చాలు.

ఇది దయతో చేసే పని అనుకోనక్కర్లేదు. 2015 నవంబరు నుంచి 2016 ఆగస్టు వరకు అమెరికాలో గ్యాప్ అనే కంపెనీకి చెందిన 28 బట్టల షాపుల్లో పరిశోధకులు ఇలాంటి ప్రయోగమే చేశారు. కొన్ని షాపుల్లో షిఫ్టు వేళలు వారం వారం మారిపోకుండా చూశారు. సిబ్బంది ఫోన్ యాప్‌లో షిఫ్టులు మార్చుకునే వీలిచ్చారు. మార్పులు చేయని షాపులతో పోలిస్తే అక్కడ అమ్మకాలు సుమారు 7 శాతం పెరిగాయి.

తర్వాత కాళ్లు

కస్టమర్లు లేనప్పుడు కూర్చోవడానికి స్టూల్, తాగడానికి నీళ్లు, ఎవరూ పిలవని అరగంట భోజన విరామం. దీని గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు, ఇవాళే చేసేయండి.

కౌంటర్‌లో అధికారం ఇవ్వండి

ఒక కస్టమర్ కుట్టు ఊడిన చొక్కా తెచ్చారు. బిల్లుంది, కొని మూడు రోజులే అయింది. కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి అది మార్చి ఇవ్వాలని తెలుసు. కానీ సిస్టంలో మేనేజర్ పాస్‌వర్డ్ కొట్టాలి. మేనేజరేమో స్టాక్ రూమ్‌లో. వెనక క్యూ పెరుగుతోంది, తిట్లు మాత్రం ఆ అమ్మాయికే. చివరికి మేనేజర్ వచ్చి, చొక్కా వైపు కూడా చూడకుండా ‘ఓకే’ నొక్కి వెళ్లిపోతాడు. రోజుకి నాలుగుసార్లు ఇలా జరిగితే తన తెలివికి ఇక్కడ పనిలేదని ఆ అమ్మాయికి అర్థమైపోతుంది. ఫలానా మొత్తం దాకా ఎక్స్ఛేంజ్ గానీ డిస్కౌంట్ గానీ సొంతంగా ఇవ్వొచ్చని ఒక హద్దు పెట్టండి. ఎప్పుడైనా పొరపాటు జరిగితే కస్టమర్ ముందు కాకుండా తర్వాత పక్కకి పిలిచి మాట్లాడండి.

‘అడిగారు, లేదు’ పుస్తకం

కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టండి. కస్టమర్లు అడిగి, దొరక్క వెళ్లిపోయిన వస్తువులు, సైజులు సిబ్బందే అందులో రాస్తారు. వారానికోసారి అందరి ముందూ చదివి, ఒకటి రెండైనా తెప్పించండి. ఆ సరుకు రాగానే “ఇది నువ్వు రాసిందే” అని చెప్పండి. ఏదీ తెప్పించకపోతే మాత్రం మూడో వారానికి పుస్తకం ఖాళీగానే ఉంటుంది.

టార్గెట్ల విషయంలో జాగ్రత్త

ఇన్సెంటివ్ అంతా మనిషికింతని లెక్కగడితే, కొనేలా కనిపించిన కస్టమర్ కోసం పోటీ మొదలవుతుంది. ట్రయల్ రూమ్‌లో కుప్పపడ్డ బట్టలు మడతపెట్టడానికి ఎవరూ రారు. ఎక్కువ భాగం షాపు మొత్తం టార్గెట్‌కి ముడిపెట్టడమే మేలు. మెచ్చుకోలు మాత్రం మనిషికే, అదీ అదే రోజు, ఏం బాగా చేశారో చెబుతూ. నెలకొకరి ఫొటో గోడకి తగిలించడం మీద నాకైతే పెద్ద నమ్మకం లేదు. మూడు నెలలు తిరిగేసరికి అది వంతులవారీ వ్యవహారం అయిపోతుంది.

ఉన్నవాళ్లని అడగండి

మానేసేవాళ్లని కారణం అడిగితే ఇంట్లో ఏదో ఇబ్బంది అని చెప్పి వెళ్లిపోతారు. ఉన్నవాళ్లని నెలకోసారి విడిగా కూర్చోబెట్టి, “ఈ మధ్య నీకు బాగా చిరాకు తెప్పించిందేంటి?” అని అడగండి. జవాబు చాలాసార్లు చిన్నదే వస్తుంది. స్కానర్ ఒక్కసారికి చదవట్లేదనో, పై ర్యాక్ అందుకునే నిచ్చెన ఊగుతోందనో చెబుతారు. మర్నాటికల్లా ఆ నిచ్చెన బాగుచేయించండి.