మొదటి కారుగా పాత ఆల్టోనో స్విఫ్టో కొనాలంటే: గోదావరి జిల్లాల వాళ్ల కోసం

సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి వెళ్తే మనవాళ్లలో ఎక్కువమంది ముందు మీటరు చూస్తారు, తర్వాత పెయింటు చూస్తారు, ఆ తర్వాత ఏసీ వేయించి "బాగానే చల్లబడుతోందండీ" అంటారు. మన డెల్టాలో చూడాల్సిన వరుస అది కాదు. ఇక్కడ కారును తినేసేవి వరద నీరు, ఉప్పు గాలి. లక్ష కిలోమీటర్లు తిరిగినా అడుగు గట్టిగా ఉన్న చిన్న పెట్రోలు బండి ఇంకా కొన్నేళ్లు నిక్షేపంగా నడుస్తుంది. ముప్పై వేలే తిరిగినా ఒక్కసారి సీట్ల దాకా మునిగిన బండి మీ చేత మెకానిక్ షెడ్డు ముందు కాపురం పెట్టిస్తుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు అడుగు భాగానికే ఇస్తున్నాను.

ముందు డబ్బు లెక్క, తర్వాత మోడల్

చేతిలో మూడు లక్షలుంటే మూడు లక్షల బండి చూడకండి, రెండున్నర దగ్గర ఆగండి. టైర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్సు, పేరు మార్పిడి ఖర్చులకు ఆ మిగిలింది ఇట్టే అయిపోతుంది.

జపాన్ చిన్న కారు అంటే మన దగ్గర మొదట గుర్తొచ్చేది మారుతి సుజుకీయే. ఆల్టో, వ్యాగనార్, సెలెరియో, స్విఫ్ట్ సామాన్లు తణుకులోనూ దొరుకుతాయి, అమలాపురంలోనూ దొరుకుతాయి. వాటి మీద చేయి తిరిగిన మెకానిక్ లేని టౌను లేదు. మొదటి కారుకు అదే పెద్ద ధైర్యం. ఆల్టో 800లో ఉండేది 796 సీసీ ఇంజను, దానికి టైమింగ్ బెల్టు (ఇంజను లోపలి వాల్వులను సమయానికి తెరిచి మూయించే రబ్బరు బెల్టు) ఉంటుంది. లక్ష కిలోమీటర్ల దరిదాపుల్లో ఉన్న బండయితే ఆ బెల్టు మార్చారా లేదా అని అడగాలి, బిల్లు చూపించమనాలి. ఆల్టో కె10లోనూ, 2010 తర్వాతి వ్యాగనార్‌లోనూ ఉన్న 998 సీసీ ఇంజనుకు చైను కాబట్టి ఆ తలనొప్పి లేదు. నన్నడిగితే ఇంట్లో మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లుంటే వ్యాగనార్, లేకపోతే కె10. వ్యాగనార్‌లోకి వంగకుండా ఎక్కొచ్చు.

హోండా బ్రియో (2011–2019), టయోటా ఎతియోస్ లివా (2011–2020) ఇంజన్లు గట్టివే. కంపెనీలు వాటి తయారీ ఆపేశాయి కాబట్టి కొన్ని బాడీ పార్టుల కోసం రాజమండ్రి, కాకినాడ, విజయవాడ ఫోన్లు చేయాల్సి రావచ్చు. ఆ ఓపిక ఉంటే అవి మంచి బేరాలే. డాట్సన్ బ్రాండు 2022లో మన దేశం నుంచి వెళ్లిపోయింది. మొదటి కారుగా దాని జోలికి వెళ్లకండి. డీజిల్ స్విఫ్ట్ మీద మోజు వద్దు. రోజూ పాలకొల్లు నుంచి భీమవరం వెళ్లి వచ్చే మాత్రం తిరుగుడుకు పెట్రోలు చాలు.

పిల్లలతో తిరిగేవాళ్లకు ఒక్క మాట. 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), అదే ఏడాది జులై నుంచి డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు. అంతకు ముందు తయారైన తక్కువ ధర (బేస్) వేరియంట్లలో చాలా వాటికి ఇవి రెండూ లేవు. ఇంకో నలభై, యాభై వేలు పెడితే ఆ తర్వాతి బండి వచ్చేట్టయితే, మ్యూజిక్ సిస్టమ్ మీద పెట్టే డబ్బు అటు మళ్లించండి.

ఎప్పుడు, ఎక్కడ వెతకాలి

సంక్రాంతి ముందు వెతకకండి. అల్లుళ్లొస్తారు, హైదరాబాద్ నుంచి పిల్లలొస్తారు, అందరికీ అప్పుడే కారు కావాలి. పాత కార్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీ వాళ్లు రేటు దిగరు. ఆషాఢంలో, మూఢంలో అదే బండికి అదే మనిషి కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడతాడు. బయానా ఆషాఢంలో ఇచ్చి, బండి శ్రావణంలో మంచిరోజు చూసి ఇంటికి తెచ్చుకుంటే పంతులుగారికీ అభ్యంతరం ఉండదు.

కన్సల్టెన్సీ కంటే తెలిసినవాళ్ల దగ్గర కొనడం నయం. బండి ఎక్కడ తిరిగిందో, ఎవరు తోలారో నాలుగు ఇళ్లవతల అడిగినా చెప్తారు. రొయ్యల చెరువుల మీదకు తిరిగిన బండయితే మాత్రం జాగ్రత్త. డిక్కీలో మేత బస్తాలు, ఉప్పునీళ్లు కారే డబ్బాలు మోసి ఉంటుంది. "డాక్టరుగారి బండండీ, ఆస్పత్రికీ ఇంటికీ తప్ప తిరగలేదు" అనే మాటకు విలువ ఇవ్వకండి. ఊళ్లో అమ్మకానికున్న కార్లన్నీ డాక్టర్లవే అయితే మనకు ఇన్ని జ్వరాలు ఉండకూడదు.

బయల్దేరే ముందే నంబరు అడగండి

ఫోన్‌లోనే నంబరు తీసుకుని కేంద్ర రవాణా శాఖ వాళ్ల ఎంపరివాహన్ యాప్‌లో కొట్టండి. ఎన్నో ఓనరు, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా, ఫైనాన్స్ ఇంకా ఉందా, రిజిస్ట్రేషన్ ఎప్పుడు ముగుస్తుంది అన్నవి వస్తాయి. పెండింగ్ చలానాలు కూడా చూసుకోండి. నంబరు చెప్పడానికి నసిగే మనిషి దగ్గరకు పెట్రోలు దండగ చేసుకుని వెళ్లక్కర్లేదు.

ఇంతకీ ఆ నంబరే సగం కథ చెప్తుంది. ఏపీ 05 అంటే పాత తూర్పు గోదావరి, ఏపీ 37 అంటే పాత పశ్చిమ గోదావరి. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 మొదలైంది. వీటితో చిక్కులేదు. ఏపీ 09, ఏపీ 28 లాంటివి చూసి మన రాష్ట్రమే కదా అనుకోకండి. అవి హైదరాబాద్, రంగారెడ్డి నంబర్లు, రికార్డు ఇప్పుడు తెలంగాణ ఆఫీసులో ఉంటుంది. పీవై 04 అంటే యానాం. ఆ నంబరు బండ్లు మన రోడ్ల మీద బోలెడు. పుదుచ్చేరి పన్ను తక్కువ కాబట్టి ధర కాస్త తక్కువే చెప్తారు. మన పేరు మీదకు, మన జిల్లాకు మార్చుకోవాలంటే అక్కడి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం) తేవాలి, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ రెండూ కలిపి లెక్కేస్తే తగ్గిందనుకున్న ధర మళ్లీ మొదటికొస్తుంది.

బండి దగ్గర: ముందు వంగండి

పొద్దున పూట వెళ్లండి, రాత్రి లైట్ల కింద చూడకండి. వానలో తడిసిన బండినీ, అప్పుడే వాటర్ సర్వీసింగ్ చేయించిన బండినీ చూడకండి. తడి మీద ప్రతి పెయింటూ మెరుస్తుంది.

మునిగిన బండ్లు మన లంకల నుంచే రావు. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. మనకైతే 2022 జులై వరద ఎవరికీ చెప్పక్కర్లేదు, భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. అలా మునిగిన కార్లు ఇన్సూరెన్సు వేలాల్లో చేతులు మారి, సీటు కవర్లు కొత్తవి వేసుకుని, సెంటు కొట్టుకుని వేరే ఊళ్లలో తేలతాయి.

వాటిని పట్టుకోవడం కష్టమేమీ కాదు. డ్రైవర్ సీటు బెల్టును చివరికంటా, ఇంక రానంత వరకూ లాగండి. రోజూ వాడే భాగం శుభ్రంగా ఉండి, లోపల చుట్టలో ఉండే ఆ చివరి జానెడు మీద అడ్డంగా మట్టి చార ఉంటే నీళ్లు అక్కడిదాకా వచ్చాయన్నమాట. బెల్టును మార్చాలని అమ్మేవాడికి తట్టదు. తర్వాత సీటును పూర్తిగా వెనక్కి జరిపి కింది పట్టాలు, బోల్టులు చూడండి. కాళ్ల దగ్గర మ్యాటు ఎత్తి, దాని కింది కార్పెట్టును మూలన పట్టుకుని లేపి వేళ్లు పెట్టండి. గోదావరి ఒండ్రు ఎండితే మెత్తటి గోధుమరంగు పొడిగా వేళ్లకు అంటుకుంటుంది. కార్పెట్టు కింద దూది పొరలో చిక్కుకున్న ఆ పొడి ఎన్నిసార్లు కడిగినా పోదు. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట చూడండి. చివరగా అద్దాలన్నీ ఎత్తించి, ఏసీ ఆపి, ఐదు నిమిషాలు లోపల కూర్చోండి. ముక్కిన వాసన వచ్చినా, దాన్ని కప్పడానికి సెంటు ఘాటుగా ఉన్నా దిగి వచ్చేయండి. ధర తగ్గిస్తామన్నా వినకండి. మునిగిన బండిలో వైరింగు జాయింట్లు ఒక్కొక్కటే చిలుముపట్టి తెగుతాయి. ఈరోజు హారను, వచ్చే నెల పవర్ విండో, ఆపైన నడిరోడ్డు మీద ఇంజను.

ఉప్పు సంగతి వేరు, అది నెమ్మదిగా తింటుంది. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు పెరిగిన బండ్లు, అలలు రోడ్డు మీదకే కొట్టే ఉప్పాడ–కాకినాడ బీచ్ రోడ్డు మీద రోజూ తిరిగిన బండ్లు పైకి తళతళలాడుతూనే ఉంటాయి. తలుపులు తీసి వాటి కింది అంచును వేలితో తడమండి. పెయింటు కింద బుడిపెలు తగిలితే తుప్పు లోపలి నుంచి వస్తున్నట్టే. ఒక మామూలు అయస్కాంతం చిన్న గుడ్డలో చుట్టి తలుపుల కింది గడపల వెంబడి, చక్రాల పైన ఆనించి చూడండి. అది పట్టని చోట ఇనుము పోయి పుట్టీ నిండింది. తర్వాత మెకానిక్ షెడ్డులో పైకెత్తించి కింద నుంచి టార్చి వేసి చూడాల్సిందే. పైపైన ఎర్రబారితే కంగారు లేదు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే రేకు లోపలికి పోతోందంటే ఆ బండి వద్దు. కొత్తగా నల్లటి కోటింగ్ దట్టంగా కొట్టి ఉన్నా అనుమానించండి.

ఇంజను, మీటరు, రోడ్డు

మీరు వెళ్లేసరికి ఇంజను చల్లగా ఉండాలి. బానెట్ మీద చేయి పెట్టి చూడండి, వేడిగా ఉంటే టీ తాగి రండి. చల్లటి ఇంజను స్టార్ట్ చేసినప్పుడే అసలు గుణం బయటపడుతుంది. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ ఆగకుండా వస్తే కూలెంట్ లోపలికి పోతోంది. ఆయిల్ మూత తీస్తే కింద మీగడలాంటిది ఉంటే అదీ ఇదే రోగం.

మీటరు తిప్పడం పెద్ద విద్యేమీ కాదు కాబట్టి దాన్ని పక్కన పెట్టి పెడళ్ల రబ్బర్లు, గేర్ నాబ్, స్టీరింగ్ అరుగుదల చూడండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైంది. 2019 బండికి 2023 టైర్లుంటే, మీటరు మాత్రం పద్దెనిమిది వేలే అంటే లెక్క కుదరదు కదా.

టెస్ట్ డ్రైవ్ ఊళ్లో ఒక చుట్టు తిప్పి ముగించకండి. మన నేల చదును, ఎంత నీరసం ఇంజనైనా దాని మీద బాగానే ఉన్నట్టుంటుంది. నలుగుర్ని ఎక్కించుకుని, ఏసీ వేసి, సిద్ధాంతం దగ్గరో చించినాడ దగ్గరో వంతెన ఎక్కించండి. ఇంజను అరుస్తూ బండి మాత్రం ముందుకు కదలడం లేదంటే క్లచ్ అయిపోయింది. కాలువ గట్టు గతుకుల మీద రేడియో ఆపి వినండి. ఖాళీ చోట స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి మెల్లగా పోనిస్తే టకటకమనే శబ్దం వస్తే డ్రైవ్ షాఫ్ట్ (ఇంజను శక్తిని చక్రాలకు చేర్చే కడ్డీ) పని ఉంది. ఇవేవీ బండి వదిలేయాల్సిన లోపాలు కావు, బేరంలో తగ్గించమనడానికి పనికొచ్చేవి.

మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి, ఊరికే రమ్మనకుండా ఆయన పూట కూలి ముందే మాట్లాడుకోండి. అమ్మేవాడి మెకానిక్ చెప్పింది లెక్కలోకి రాదు.

బేరం కుదిరాక కాగితాలు

బయానా ఫోన్‌పేలోనో బ్యాంకు ద్వారానో ఇవ్వండి. తెల్లకాగితం మీద బండి నంబరు, ధర, బయానా, మిగతా డబ్బు ఎప్పుడు అన్నది రాయించుకోండి. పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, ఫారం 30 మీద ఆర్సీలో పేరున్న మనిషే సంతకం పెట్టాలి. ఫైనాన్స్ తీరిపోయి ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ, ఆర్సీలో ఫైనాన్స్ కొట్టేయించే ఫారం 35 కావాలి. వేరే రాష్ట్రం బండయితే అక్కడి ఆర్టీవో ఎన్‌వోసీకి ఫారం 28 కూడా.

మన వైపు తరచూ తగిలే చిక్కు ఇంకోటి. కోనసీమలో చాలా ఇళ్లలో కారు కొన్న కొడుకు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు, అమ్మేది ఇక్కడున్న నాన్నగారు. ఆయన ఎంత మంచివారైనా ఆర్సీ ఆయన పేరు మీద లేదు. కొడుకు సెలవుల్లో వచ్చి సంతకం పెట్టేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. ఓనరు చనిపోయి ఉంటే ముందు వారసుల పేరు మీదకు మారాలి, ఆ తర్వాతే మీకు.

"ట్రాన్స్‌ఫర్ తర్వాత చూసుకుందాం లెండి" అంటే ఒప్పుకోకండి. రికార్డుల్లో పేరు మారకపోతే ప్రమాదం జరిగినప్పుడు బాధ్యత రిజిస్టర్డ్ ఓనర్‌దేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మాట అమ్మేవాడి చెవిన వేస్తే ఆయనే మీకంటే ముందు ఆర్టీవో ఆఫీసుకు వస్తాడు. ఇన్సూరెన్సును 14 రోజుల్లోపు మీ పేరు మీదకు మార్పించుకోండి. అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఆయనతోనే పోతుంది, అది మీకు రాదు. పదిహేనేళ్లు దగ్గరపడిన బండయితే రిజిస్ట్రేషన్ రెన్యూవల్ గుర్తుంచుకోండి. 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఆ ఫీజు 600 నుంచి 5,000కు పెంచారు, పైగా బండిని చూపించి పాసవ్వాలి.

ఇంటికి వచ్చాక

నిమ్మకాయలు తొక్కించిన మర్నాడే ఇంజను ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్పించండి, పాతాయన నిన్ననే మార్చానని చెప్పినా సరే. ఇప్పుడు బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది కాబట్టి పాత బండిలో పెట్రోలు పైపుల రబ్బరు కూడా చూపించండి. అండర్‌బాడీ కోటింగ్ అడుగంతా కడిగి, ఆరబెట్టి కొట్టించాలి. కోతల తర్వాత చేలల్లోంచి ఎలుకలు ఇళ్ల వైపు వస్తాయి, నాలుగు రోజులు కదలని కారులో వైర్లు కొరికేస్తాయి. వారానికోసారైనా బానెట్ ఎత్తి చూడండి. కొబ్బరి చెట్టు కింద మాత్రం పెట్టకండి.

ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే పనికొచ్చే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఒక్కటే చాలనుకుంటే వరదలో పోయిన బండికి రూపాయి రాదు. లంకలో, ఏటిగట్టు పక్కన ఉండేవాళ్లు మన బండి నష్టానికి ఇచ్చే ఓన్ డ్యామేజ్ కూడా తీసుకోవాలి. కనకాయలంక లాంటి కాజ్‌వేల మీద నీళ్లు పారుతుంటే ముందు బండి వెళ్లింది కదా అని దిగకండి. పార్కింగులో ఉన్న కారు చుట్టూ నీళ్లు చేరి లోపలికి వెళ్తే, తగ్గాక స్టార్టవుతుందేమో చూద్దామని తాళం తిప్పొద్దు. ఇంజనులోకి నీరు వెళ్లి ఉంటే ఆ ఒక్క తిప్పుతో రాడ్లు వంగుతాయి, ఇంజను ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ లేకపోతే ఆ నష్టం కంపెనీ ఇవ్వదు. బ్యాటరీ వైరు ఊడదీసి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఫొటోలు తీసి, ఇన్సూరెన్సు వాళ్లకు ఫోన్ చేసి, ట్రాలీ మీద షెడ్డుకు పంపండి.