అప్పుల లెక్క – 3వ పాఠం: ఐపీలో కిస్తీల ప్రతిపాదన

పోయిన పాఠంలో బాకీల చిట్టా రాశారు కదా. ఎవరికి, అసలెంత, మిత్తి ఎంత, నోటు ఉందా, జామీను ఎవరు అన్నీ అందులో ఉన్నాయి. ఈసారి దాన్ని ముందు పెట్టుకుని కిస్తీలు కడదాం.

ఐపీ, అంటే అప్పులు తీర్చలేనని కోర్టులో వేసే దివాలా పిటిషన్. అది పెట్టినవాణ్ణి మన నల్లగొండ, పాలమూరు ఊళ్లలో దొంగలా చూస్తారు. ఆ భయంతోనే చాలామంది మంచి దారిని వదిలేసి రోజువారీ వసూళ్ల గిరిగిరి ఫైనాన్స్ దగ్గరికి పోతున్నారు. నాకు బాధ కలిగించేది ఇదే. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం, దివాలా ప్రకటించాక కూడా ‘ఇంత కడతాను, ఇలా కడతాను’ అని చెప్పుకునే అవకాశం ఇచ్చింది. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చినా, వ్యక్తుల భాగం కంపెనీ అప్పులకు హామీ ఉన్నవాళ్లకే అమల్లోకి వచ్చింది. మామూలు మనిషికి పాత చట్టమే దిక్కు.

ఒక లెక్క చేద్దాం. మిర్యాలగూడ రైస్ మిల్లులో గుమాస్తా, జీతం 22,000 అనుకోండి. మేనమామకు నోటు మీద 1,20,000, నూటికి 2 రూపాయల మిత్తి. ఫైనాన్స్ సేటుకు 2,00,000, 3 రూపాయల మిత్తి. పాడిన చిట్టీ బాకీ 80,000. మొత్తం 4 లక్షలు. నెలకు మిత్తికే 8,400 కావాలి. ఇంటి ఖర్చు 15,000 పోను మిగిలేది 7,000. అంటే ఎంత కష్టపడ్డా అసలు తగ్గదు, పెరుగుతుంది.

ఇంటి ఖర్చు తక్కువ చేసి రాయకండి. జూన్‌లో పిల్లల ఫీజు, అమ్మ బీపీ మందులు, బతుకమ్మకు బట్టలు అన్నీ పన్నెండు నెలలకు పంచి వేయండి. ఇక్కడ గొప్పకు పోతే నాలుగో కిస్తీకే ప్లాన్ కూలుతుంది. కిస్తీ తప్పితే కోర్టు మళ్లీ దివాలా ప్రకటించొచ్చు.

అందుకే 7,000లో 1,000 చేతిలో ఉంచి, 6,000 కిస్తీ పెడదాం. 50 నెలలకు 3 లక్షలు, అంటే రూపాయికి 75 పైసలు. బాకీ నిష్పత్తిలో పంచితే సేటుకు 3,000, మామకు 1,800, చిట్టీకి 1,200. పత్తి, వడ్ల మీద బతికే ఇల్లయితే నెల కిస్తీ వద్దు, పంట డబ్బు చేతికొచ్చే నెలల్లో పెట్టండి.

ఇక ఒప్పించడం. బాకీ రుజువై, హాజరైన అప్పు ఇచ్చినవాళ్లలో సగానికి మించిన మంది, విలువలో ముప్పావు వంతు ఒప్పుకోవాలి. ఆపైన కోర్టు ఆమోదిస్తే ఒప్పుకోనివాళ్లకూ అది వర్తిస్తుంది. మన లెక్కలో ముగ్గురూ వస్తే ముప్పావు అంటే 3 లక్షలు. సేటూ చిట్టీవాళ్లూ కలిసినా 2,80,000 మాత్రమే, చాలదు. సేటూ మామా కలిస్తే 3,20,000, సరిపోతుంది. సేటుకు భయపడి మామను చివరికి వదిలేస్తారు గానీ, ఆయన సంతకం లేకుండా పని జరగదు.

అలాగని మామ బాకీ ఒక్కటే ముందు తీర్చేయకండి. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఒకరికి మాత్రమే కావాలని మేలు చేస్తే ఆ చెల్లింపు చెల్లకపోవచ్చు. భార్య పేర ఉత్తపుణ్యానికి భూమి రాస్తే, అది పిటిషన్‌కు ముందు రెండేళ్లలోపుదైతే తిరగదోడొచ్చు. కుదవబెట్టిన బంగారం ఈ ప్లాన్‌లోకి రాదు, దాని లెక్క వేరు.

వకీలు ఫీజుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితం.

వచ్చే పాఠంలో పిటిషన్‌కు జతచేసే ఆస్తుల జాబితా రాద్దాం. అప్పటికి మీ నెల మిగులు ఎంతో తేల్చి ఉంచండి.